ఎడారిలో ఈత... చీటీలో మోత!

విమానం ఫీనిక్స్ దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి ముందు గోధుమరంగు కొండలు కనిపిస్తాయి. పచ్చదనమన్నది ఎక్కడో వెతుక్కోవాలి. కాస్త కిందికి దిగగానే ఇళ్ల వెనక నీలిరంగు చుక్కలు... ఒకటా, రెండా? ఎవరో గళ్లకాగితం మీద సిరా విదిలించినట్టు, వీధి వీధంతా అవే. అన్నీ స్విమ్మింగ్ పూల్సే!

అమెరికాలో అరిజోనా రాష్ట్ర రాజధాని ఇది. ఎడారి మధ్యలో కట్టిన నగరం. ఇంటి వెనక పూల్ ఉండటం ఇక్కడ గొప్ప కోసం కాదు. 2023లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు ఇక్కడి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి కిందికి దిగలేదు. మన లెక్కలో 43 డిగ్రీలకు పైనే. అలాంటి ఊళ్లో సాయంత్రం పిల్లలు ఆడుకోవాలంటే నీళ్లలోనే.

మా అక్కావాళ్లు ఉండేది ఫీనిక్స్‌ని ఆనుకునే ఉన్న చాండ్లర్‌లో. ఇంటెల్ చిప్‌ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఏప్రిల్‌లో అమ్మానాన్నలతో కలిసి వెళ్లాను. వీధుల్లో పాలోవెర్డె చెట్లు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఆ పూలన్నీ గాలికి పూల్స్‌లోనే రాలతాయి. పిల్లలు పొరపాటున అటు వెళ్లకుండా పూల్ చుట్టూ ఐదడుగుల కంచె, దానంతటదే మూసుకునే తలుపు. లోపలికి వెళ్లి చూస్తే... నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి!

నాన్న ముఖం వాడిపోయింది. పల్నాడులో పత్తి రైతు ఆయన. చిన్నప్పుడు మోటబావిలో ఈత నేర్చుకున్నారు. మోకాళ్లు అరిగాక, రోజూ నీళ్లలో నడిస్తే మంచిదని డాక్టరు చెప్పారు. కూతురింట్లో పూల్ ఉందనే ధైర్యంతోనే అంతదూరం ప్రయాణానికి ఒప్పుకున్నారు. తిరుగు టికెట్‌కి ఉన్నది నెల రోజులే.

సీసాలో నీళ్లు... చేతిలో చీటీ

‘రేపే బాగుచేయిస్తాను మావయ్యా’ అన్నాడు బావ. మర్నాడు చిన్న సీసాలో పూల్ నీళ్లు పట్టుకుని బయల్దేరాడు. నాన్నా, నేనూ వెంట వెళ్లాం. ఇక్కడ పూల్ సామాన్లమ్మే కొట్లు చాలా ఉన్నాయి. నీళ్లు తీసుకెళ్తే ఉచితంగా పరీక్ష చేసిపెడతారు. కౌంటర్‌లో కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. నవ్వుతూ సీసా తీసుకుని యంత్రంలో పెట్టాడు. రెండు నిమిషాల్లో కంప్యూటర్ చీటీ వచ్చింది. పాచి చంపే మందు ఒకటి, ఫాస్ఫేట్లు తీసే మందు ఒకటి, షాక్ పొడి పొట్లాలు పన్నెండు, క్షారత పెంచే పొడి సంచి, క్లోరిన్ బిళ్లల డబ్బా... మొత్తం 214 డాలర్లు!

‘పోయిన నెలలోనూ దాదాపు ఇంతే అయింది’ అని నసిగాడు బావ. ‘అప్పుడు తగ్గిందా?’ అడిగారు నాన్న. ‘వారం రోజులు తెల్లగానే ఉంది మావయ్యా, మళ్లీ పచ్చబడింది’.

నాన్న చీటీ అటూ ఇటూ తిప్పి చూశారు. ఇంగ్లిషు రాదు కానీ వ్యవహారం అర్థమైపోయింది. ‘ఇది మా పురుగుమందుల కొట్టు లెక్కే అల్లుడుగారూ. ఆకు తుంచుకెళ్తే చాలు, రోగం చెప్పేదీ ఆయనే, మందమ్మేదీ ఆయనే. ఇది తగ్గకపోతే ఇంకోటి రాస్తాడు’ అన్నారు.

గొడుగు పెద్దదైతే...

ఆ రాత్రి చీటీ ముందేసుకుని కూర్చున్నాం. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరస కనిపించింది. స్టెబిలైజర్: ఎక్కువ. దాని ఎదురుగా ఏ మందూ రాయలేదు. ఎందుకంటే దానికి ఆ కొట్లో అమ్మే మందే లేదు! అసలు కథంతా అక్కడే ఉంది.

క్లోరిన్‌కి ఎండ పడదు. అరిజోనా ఎండలో ఒట్టి క్లోరిన్ కొన్ని గంటల్లోనే ఆవిరైపోతుంది. అందుకే సైనూరిక్ యాసిడ్ అనే పదార్థాన్ని కలుపుతారు. స్టెబిలైజర్ అంటే అదే. క్లోరిన్‌కి గొడుగు పట్టినట్టన్నమాట. కాస్త ఉంటే మేలు. మరీ ఎక్కువైతే ఆ గొడుగు కిందే క్లోరిన్ ఒదిగిపోయి పాచిని చంపలేదు. పూల్ శుభ్రంగా ఉండాలంటే స్టెబిలైజర్ ఎంత ఉందో అందులో ఏడున్నర శాతమైనా క్లోరిన్ ఉండాలన్నది అనుభవజ్ఞుల లెక్క.

బావ ఏడాదిగా వాడుతున్న బిళ్లల్లో క్లోరిన్‌తోపాటు ఈ స్టెబిలైజర్ కూడా కలిసే ఉంటుంది. వాళ్ల పూల్‌లో పట్టేది 15 వేల గ్యాలన్లు, అంటే 57 వేల లీటర్లు. అరచేతిలో పట్టే ఒక్క పెద్ద బిళ్ల వేస్తే స్టెబిలైజర్ రెండు పాయింట్లకు పైగా పెరుగుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ మిగిలిపోతుంది. నీళ్లు ఆవిరైనా అది పోదు. యాభై బిళ్లలకే వంద దాటేస్తుంది. షాక్ పొట్లాల మీద పేరు చూస్తే అందులోనూ అదే సరుకు. అంటే రోగాన్ని పెంచే మందునే నెలనెలా కొని పోస్తున్నామన్నమాట!

మిగతా సరుకు సంగతీ చూశాం. క్షారత పెంచే పొడి అంటే వంటసోడాయే. కిరాణా కొట్లో చవగ్గా దొరుకుతుంది. ఫాస్ఫేట్లు పాచికి ఆహారమే కానీ, క్లోరిన్ సరిపడా ఉంటే ఆహారమున్నా పాచి బతకదు.

చుక్కల పెట్టె

ఇంట్లోనే పరీక్ష చేసుకునే పెట్టె తెప్పించాం. దాదాపు వంద డాలర్లు. పది మిల్లీలీటర్ల నీళ్లలో చిటికెడు పొడి వేస్తే గులాబీరంగు వస్తుంది. ఆ రంగు పోయేదాకా మందు చుక్కలు లెక్కపెట్టాలి. ఒక్కో చుక్కా అర పాయింటు క్లోరిన్. స్టెబిలైజర్‌కైతే అడుగున నల్లచుక్క ఉన్న గొట్టం. తెల్లబడిన నీళ్లను అందులో కొంచెంకొంచెం పోస్తూ, చుక్క కనిపించకుండా పోయిన దగ్గర ఆపి అంకె చూడాలి. వంద దాటితే ఈ గొట్టానికి అందదు కాబట్టి సగం కుళాయి నీళ్లు కలిపి కొలిచి, వచ్చింది రెట్టింపు చేసుకోవాలి. అరవై వచ్చింది. అంటే 120! ఆ లెక్కన క్లోరిన్ తొమ్మిదైనా ఉండాలి. కొట్టువాళ్లు చాలన్నది మూడు.

అదే నీళ్లను వేరే కొట్లో చూపిస్తే స్టెబిలైజర్ 70 అన్నారు! ఆ కుర్రాళ్లను తిట్టి లాభం లేదు. యంత్రం చెప్పింది చదువుతారు, చీటీలో వచ్చింది అమ్ముతారు.

గుండె చివుక్కుమన్న రోజు

స్టెబిలైజర్ తగ్గాలంటే మామూలుగా చేసేది నీళ్లు మార్చడమే. సగం తోడేస్తే 120 కాస్తా 60 అవుతుంది. నడి వేసవిలో అయితే తోడకూడదు, ఎండకి పూల్ గచ్చు పగులుతుంది. ఏప్రిల్ కాబట్టి సరిపోయింది. వీధిలోకి కూడా వదలకూడదు, ఇంటి మురుగు గొట్టంలోకే పంపాలి.

మోటారు వేశాక నాన్న అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లిపోయారు. 28 వేల లీటర్లు మరి! కొలరాడో నది నీళ్లు 540 కిలోమీటర్ల కాలువలో ఎత్తిపోతల మీద ఈ ఎడారికి రావాలి. 2022లో ఆ నీళ్లలో అరిజోనా వాటాకి తొలిసారి కోత కూడా పడింది. నీటికోసం ఎదురుచూసి పంటలు పోగొట్టుకున్న మనిషికి ఆ శబ్దం ఎలా వినిపించిందో! బిళ్లల సంగతి మొదట్లోనే తెలిసుంటే ఆ నీళ్లు మిగిలేవి.

ఆ తర్వాత పని తేలికే. స్టెబిలైజర్ లేని ద్రవ క్లోరిన్ తెచ్చాం. అరవైకి తగ్గట్టు క్లోరిన్‌ని 24కి పెంచడానికి నాలుగు గ్యాలన్ల దాకా పట్టింది. పూటపూటా కొలవడం, తగ్గింది పోయడం, గోడలు బ్రష్‌తో రుద్దడం. బిళ్లల్ని మాత్రం దాంతో కలవనివ్వకుండా దూరంగా పెట్టాం. రెండు రకాల క్లోరిన్‌లు కలిస్తే విషవాయువు, మంటలు. మూడోరోజుకి ఆకుపచ్చ బూడిదరంగైంది. ఆరోరోజుకి అడుగు కనిపించింది. రాత్రి కొలిచిన క్లోరిన్ తెల్లారేసరికి ఒక పాయింటు కూడా తగ్గలేదంటే పాచి చచ్చినట్టే. ఇప్పుడు ఎండాకాలంలో రోజుకి అర గ్యాలన్ ద్రవ క్లోరిన్ చాలు. కొట్టుకి ఇంకా వెళ్తారు కానీ, సీసా తీసుకుని కాదు.

క్లోరిన్ మామూలు స్థాయికి దిగాక నాన్న పంచె బిగించి మెట్లు దిగారు. మొదట నడిచారు. కాసేపయ్యాక చూస్తే వెల్లకిలా తేలుతున్నారు, మోటబావిలో కుర్రాడిలా. మిగిలిన పద్దెనిమిది రోజుల్లో ఒక్కరోజు మానలేదు.

తిరుగు ప్రయాణంలో విమానం లేచాక ఆ నీలిచుక్కల్ని చూస్తూ అడిగారు... ‘ఆ చుక్కల పెట్టెలాంటిది మన నేలకీ ఉంటుందా?’

‘భూసార పరీక్ష అంటే అదే కదా నాన్నా’ అన్నాను.

‘ఎన్నేళ్లుగా చెబుతున్నారో వ్యవసాయ శాఖవాళ్లు. కొట్టువాడు చెప్పింది చల్లడమే తప్ప ఒక్కసారీ చేయించలేదు’.

ఊరెళ్లిన వారానికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నాన్న మట్టి సంచి పట్టుకుని పరీక్షకి వెళ్లారట!