హ్యాండీక్యాప్ శిక్ష కాదు

అమెరికాలోని అమెచ్యూర్ పూల్ లీగుల్లో తరచూ ఒక మాట వినిపిస్తుంది: "హ్యాండీక్యాప్ అంటే బాగా ఆడేవాళ్లకు శిక్ష." నేను ఒప్పుకోను. ఏపీఏ (అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్) ఎయిట్‌బాల్‌లో లెవెల్ 7 ఆటగాడు లెవెల్ 2 మీద మ్యాచ్ గెలవాలంటే 7 గేములు నెగ్గాలి, అవతలివాళ్లకు 2 చాలు. ఆ వెసులుబాటే లేకపోతే కొత్తగా క్యూ పట్టినవాళ్లు నాలుగు వారాలకే మానేస్తారు. లీగే మిగలదు.

అసలు అన్యాయం, కావాలని తక్కువగా ఆడి లెవెల్ దించుకోవడం. ఏపీఏ లెక్కలో ఇన్నింగ్స్‌కు, అంటే గెలవడానికి ఎన్ని వంతులు పట్టిందన్నదానికి, విలువ ఉంది. తేలికైన బంతులు వదిలేస్తూ ఆట సాగదీస్తే, గెలిచి కూడా బలహీనుడిలా కనిపించొచ్చు. అందుకే స్కోరు రాసేవాళ్లు డిఫెన్సివ్ షాట్లను, అంటే బంతి వేసే ఉద్దేశం లేకుండా కొట్టినవాటిని, శ్రద్ధగా గుర్తించాలి.

ఫార్గోరేట్ అనే రేటింగ్ పద్ధతి నాకు నచ్చేది ఇందుకే. ఎవరి మీద ఎన్ని గేములు గెలిచారు, ఎన్ని ఓడారు అన్నదే అది చూస్తుంది. 100 పాయింట్ల తేడా ఉంటే, బలమైన ఆటగాడు ఒకటి ఓడేలోపు రెండు గెలుస్తాడని అంచనా. రేటింగ్ దించుకోవాలంటే నిజంగా గేములు పోగొట్టుకోవాల్సిందే.

ఏ పద్ధతైనా నిజాయితీగా ఆడేవాళ్లు ఉంటేనే నిలబడుతుంది. మీ లెవెల్ పెరిగితే బాధపడకండి, అది మీరు కష్టపడి సంపాదించుకున్నది.