మాస్టర్‌మొశాయ్ ఊళ్లో

హౌరాలో రైలెక్కి బర్ద్ధమాన్ దాటేదాకా కిటికీ బయట వరిపొలాలే. అజయ్ నది మీద వంతెన దాటాక నేల రంగు తిరిగింది, ఎర్రమన్ను మొదలైంది. ఏక్‌తారా మీటుకుంటూ ఒక బావుల్ గాయకుడు మా పెట్టెలోకి ఎక్కాడు. ఆయన వెనకే ఝాల్‌మురీ అబ్బాయి. మన పిడతకింద పప్పుకి ఆవనూనె ఘాటు తగిలిస్తే అదే ఝాల్‌మురీ. పొట్లం ఖాళీ అయ్యేలోపు బోల్‌పూర్ వచ్చేసింది. స్టేషన్ బయట టోటో అనే బ్యాటరీ ఆటో మాట్లాడుకుని శాంతినికేతన్ చేరాను.

శాంతినికేతన్ అనగానే అందరూ రవీంద్రుణ్ణి చూడటానికే వస్తారు. నేను మాత్రం ఆయన పిలిపించుకున్న డ్రాయింగు మాస్టారి కోసం వచ్చాను. నందలాల్ బోస్ 1882లో బీహార్‌లోని ఖరగ్‌పూర్‌లో పుట్టి, కోల్‌కతాలో అవనీంద్రనాథ్ ఠాకూర్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. 1919లో ఇక్కడ మొదలైన కళాపాఠశాల కళాభవన్‌ బాధ్యత 1922లో తీసుకుని, 1951లో పదవీ విరమణ చేసేదాకా నడిపారు. ఇక్కడ మాస్టర్‌మొశాయ్ అంటే ఇప్పటికీ ఆయనే.

ఆయన బొమ్మల్లో చాలాభాగం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉన్నాయి. వాటికోసమైతే ఇంతదూరం రానక్కర్లేదు. ఆయన పాఠం ఎలా చెప్పారో తెలియాలంటే మాత్రం ఈ ఆవరణలో కాళ్లీడ్చుకుంటూ తిరగాల్సిందే.

కళాభవన్‌లో మొదట నన్ను నిలబెట్టేసింది ఆయన శిష్యుడు రామ్‌కింకర్ బైజ్ చేసిన 'సంతాల్ కుటుంబం'. 1938 నాటి పని. మనిషిని మించిన ఎత్తు. భుజాన కావడి వేసుకుని భర్త, పక్కన భార్య, వెంట కుక్క, కావడి బుట్టలో బిడ్డ. దగ్గరికి వెళ్లి చూస్తే చర్మం నునుపు ఎక్కడా లేదు. సిమెంటులో కలిసిపోయిన ఎర్రటి గులకరాళ్లు గరుకుగా పైకి తేలి ఉన్నాయి. ఈ ఊరి నేలే లేచి నడుస్తోందనిపించింది. కొంచెం అవతల 'మిల్లు కూత'. కూత వినపడగానే ఇద్దరాడవాళ్లు పనికి పరుగు తీస్తున్నారు, తడిబట్టలు గాలికి ఎగురుతున్నాయి.

నందలాల్ చేతి వాటం వేరు. సన్నని గీత, పల్చని రంగు, అజంతా గోడల దగ్గర కూర్చుని నకళ్లు తీసిన ఓర్పు. ఈ మొరటు కాంక్రీటులో ఆయన పోలిక వెతికినా దొరకదు. బాంకుడా నుంచి 1925లో వచ్చిన రామ్‌కింకర్ పని చూసి, నీకు అంతా వచ్చేసింది కదా, అయినా ఓ రెండుమూడేళ్లు ఉండమన్నారట మాస్టర్‌మొశాయ్. ఆ కుర్రాడు జన్మంతా ఇక్కడే ఉండిపోయాడు.

బినోద్ బిహారీ ముఖర్జీ సంగతి ఇంకా విచిత్రం. పుట్టుకతోనే చూపు అంతంతమాత్రం. అలాంటి శిష్యుడు 1946-47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతులను బారులు తీర్చాడు. యాభయ్యో పడిలో చూపు పూర్తిగా పోయాక కూడా పని ఆపలేదు. 1972లో కళాభవన్ గోడకి పింగాణీ పలకలతో చిత్రం కట్టాడు. ఈ గురుశిష్యులిద్దరి దగ్గరా కొంతకాలం చదివిన సత్యజిత్ రాయ్, బినోద్ బాబు మీద అదే ఏడాది ఒక డాక్యుమెంటరీ తీశారు.

విద్యార్థుల హాస్టల్‌గా కట్టిన నల్లటి మట్టి ఇల్లు 'కాలో బారి' కూడా ఇక్కడే ఉంది. మట్టి గోడలకి తారు పూత. వాటి మీద భర్హుత్ శిల్పాలు, ఈజిప్టు బొమ్మలు ఉబ్బెత్తుగా తేలి ఉంటాయి. మాస్టార్లూ పిల్లలూ కలిసి చేసిన పని; ఏది ఎవరిదో గోడ చెప్పదు.

ఆయన పద్ధతి తలుచుకుంటే రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి, పోస్టుకార్డులు. చెప్పాల్సిందేదైనా కార్డు మీద నాలుగు గీతలు గీసి శిష్యులకు ఇచ్చేవారు, ఊళ్లో లేనివాళ్లకు పోస్టు చేసేవారు. రెండోది మన రాజ్యాంగం. మూలప్రతిని చిత్రాలతో అలంకరించే పని వస్తే శిష్యులకు పంచిపెట్టారు. పీఠిక పేజీ అలంకరణ బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హాది. సింహాల చిహ్నం గీయాల్సిన దీనానాథ్ భార్గవ కోల్‌కతా జూకి వెళ్లి అసలు సింహాలను చూస్తూ గీసుకొచ్చాడు. 1938 హరిపుర కాంగ్రెస్‌కి గాంధీజీ అడిగితే మంగలినీ, చెప్పులు కుట్టేవాణ్ణీ, డోలు కొట్టేవాణ్ణీ గీసిపెట్టిన మాస్టారు మరి! చూడనిదే గీయొద్దన్నది ఆయన కట్టడి. ఎలా గీయాలన్నది మాత్రం శిష్యుడి ఇష్టం. అందుకే ఈ ఆవరణలో ఏ ఇద్దరి పనీ ఒక్కలా ఉండదు.

ఆ కట్టడి మన దాకా కూడా వచ్చింది. వరంగల్ జిల్లా పెనుగొండ నుంచి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు గారు ఇక్కడే నందలాల్ దగ్గర నేర్చుకున్నారు. వెనక్కి వెళ్లి హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు బొమ్మలు నేర్పారు.

మాస్టర్‌మొశాయ్ పుట్టినరోజు డిసెంబరు 3. అంతకుముందు రెండు రోజులు కళాభవన్‌లో నందన్ మేళా. నేను వెళ్లింది ఆ రోజుల్లోనే. పిల్లలు తాము చేసిన కుండలు, క్యాలెండర్లు, అచ్చుబొమ్మలు పరిచి అమ్ముతున్నారు. ఒక కొట్టులో లినో అచ్చు చూసి చెయ్యి చాపబోతే, "దాదా, సిరా ఇంకా ఆరలేదు" అని ఆపేసిందొక అమ్మాయి. ఆరేదాకా నిలబడి ధర బేరమాడాను. పైసా తగ్గించలేదు. అచ్చుకి ఎన్ని గంటలు పట్టిందో, దిమ్మె చెక్కడంలో ఎక్కడ చెయ్యి జారిందో మాత్రం చూపించి మరీ చెప్పింది.

అమ్మకాల డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. ఎవరికైనా జబ్బు చేసినా, చేతిలో పైసా ఆడకపోయినా అందులోంచే ఇస్తారు. గురువుగారి జయంతికి దండలూ ఉపన్యాసాలూ ఎవరైనా పెట్టగలరు. ఆయన పేరుతో ఇవాళ్టి పిల్లలు పని చేసి, తోటి పిల్లల్ని ఆదుకోవడం నాకు నచ్చింది. వెళ్లాలనుకునేవారు గది ముందే మాట్లాడుకోండి, ఆ రెండు రోజులూ ఊరు కిటకిటలాడుతుంది. మామూలు రోజుల్లో వెళ్తే బుధవారం మానుకోండి, కళాభవన్ ఉన్న విశ్వభారతి విశ్వవిద్యాలయానికి సెలవు. ఇంకోమాట: బేరమాడకండి, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో ఇప్పుడు మీకు తెలుసు.