అమ్మమ్మ డచ్చి పాఠాలు

మా మనవడికి ఆరేళ్లు. ఉండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. నాలుగేళ్లకే బడిలో వేశారు. అక్కడ పాటలూ పాఠాలూ అన్నీ డచ్చిలోనే. అంతవరకూ వీడియో కాల్లో ‘అమ్మమ్మా’ అంటూ గలగలా మాట్లాడినవాడు, మెల్లగా డచ్చిలో ఏదో అనేసి వాళ్లమ్మ వైపు చూడటం మొదలెట్టాడు. అది తెలుగులో చెబితేగానీ నాకు అర్థమయ్యేది కాదు. మనవడితో మాటకి మధ్యవర్తా! మనసు చివుక్కుమంది.

అమ్మాయి విజయనగరం వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన డచ్చి పుస్తకం తెప్పించుకున్నాను. ప్రతి పాఠంలోనూ ముందు ఇద్దరి సంభాషణ, తర్వాత కాస్త వ్యాకరణం, చివర అభ్యాసాలు. రోజూ అరగంట కూర్చునేదాన్ని. వాళ్ల ‘గ’ గొంతులోంచి ‘ఖ్’ అని గరగరలాడుతూ రావాలి. ‘ఉప్పునీళ్లు పుక్కిలించు, తగ్గిపోద్ది’ అని మావారి వేళాకోళం!

అంకెలు మరీ తిరకాసు. ఇరవైనాలుగుని ‘నాలుగూ ఇరవై’ అంటారు. గడియారం పాఠం పైపైన చదివేశాను. ఓ ఆదివారం మనవడు ‘హాల్ఫ్ ద్రీ’కి ఫోన్ చెయ్యమన్నాడు. ‘హాల్ఫ్’ అంటే అర, ‘ద్రీ’ అంటే మూడు... మూడున్నరే కదా అనుకున్నా. ఎండాకాలంలో వాళ్లకన్నా మనం మూడున్నర గంటలు ముందుంటాం. లెక్కేసి రాత్రి ఏడింటికి చేశాను. పిల్లాడు లేడు. ఊడిన పన్ను చూపించాలని గంటసేపు ఎదురుచూసి, అలిగి ఆటకెళ్లిపోయాడట. ‘హాల్ఫ్ ద్రీ’ అంటే మూడుకి అరగంట తక్కువ... మన గంటస్తంభం లెక్కలో రెండున్నర! ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఆ పాఠం మళ్లీ మొదట్నుంచీ చదివాను.

పదో పాఠంలో ఓ వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఓమ్‌దాత్ ఇక్ ఇన్ విజయనగరం వోన్’. ఎందుకంటే నేను విజయనగరంలో ఉంటాను. మాట వెంట మాట మన వరసే! మామూలు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది గానీ, ‘ఎందుకంటే’ అని మొదలెడితే మనలాగే చివరికెళుతుంది. చుట్టాలింటికి వచ్చినట్టనిపించింది.

మొన్న దసరా వెళ్లాక సిరిమాను గురించి వాడికి డచ్చిలో చెప్పబోయాను. పెద్ద చెట్టు అన్నాను, గుడి అన్నాను, మూడుసార్లు అన్నాను. మాను చివర పూజారి కూర్చుని ఊరేగడం ఎలా చెప్పాలో తెలీలేదు. పుస్తకంలో అంత పాఠం లేదు. నా తంటాలు చూసి వాడు పకపకా నవ్వాడు.

‘అమ్మమ్మా, తెలుగులో చెప్పు... నేను వింటా’ అన్నాడు.

పుస్తకం మూసి, కథ మొదలెట్టాను.