నల్లరేగడి సీమలో ముళ్ళకిరీటం

గుంటూరు ఎండలకు తట్టుకుని ఏడాది పొడుగునా పూసే మొక్క చెప్పమంటే, మా నర్సరీలో నేను ముందుగా చూపించేది ముళ్ళకిరీటం మొక్క. శాస్త్రీయ నామం యుఫోర్బియా మిలీ, పుట్టిల్లు మడగాస్కర్ దీవి. రీయూనియన్ దీవికి గవర్నరుగా చేసిన మిలియస్ పేరే దానికి పెట్టారు. మన పొలం గట్ల మీది బొమ్మజెముడుకు ఇది దగ్గరి చుట్టం. రోహిణి కార్తెలో మందారం మధ్యాహ్నానికల్లా వడిలిపోతుంటే, ఇది కాండంలో దాచుకున్న నీటితో నిలబడి పూస్తుంది.

మన దగ్గర దీన్ని చంపేది నీళ్ళు. పత్తికి ప్రాణం పోసే నల్లరేగడి దీనికి పడదు. వాన పడితే రోజుల తరబడి చెమ్మ వదలదు, ఎండితే నెర్రెలిచ్చి వేళ్ళను తెంపుతుంది. "రోజూ పోస్తూనే ఉన్నానండీ, అయినా మొదలు మెత్తబడింది" అంటూ కుండీ ఎత్తుకొచ్చే వాళ్ళు చాలామంది. "రోజూ పోయబట్టేనమ్మా" అంటాను. ఎర్రమట్టి, ముతక ఇసుక సమానంగా కలిపి, బాగా మాగిన పశువుల ఎరువు కొద్దిగా వేస్తే చాలు. కుండీకి చిల్లు ఉండి తీరాలి. మట్టిలో వేలు గుచ్చి చూసి, లోపల కూడా పొడిగా ఉంటేనే నీళ్ళు పోయాలి. నేలలోనే నాటుతామంటే మట్టి ఎత్తుగా పోసి దానిమీద నాటుకోవాలి. ప్రకాశం జిల్లా వైపు అక్టోబరు, నవంబరు ముసుర్లు దీనికి పెద్ద గండం. తుపాను కబురు వినగానే మేం కుండీలన్నీ రేకుల కిందికి చేరుస్తాం.

కొమ్మ నాటడంలో ఓపిక కావాలి. బెత్తెడు పైచిలుకు కొమ్మ కోసి, కోతలోంచి కారే పాలు ఆగేదాకా ఆ భాగాన్ని నీళ్ళలో ముంచుతాం. తర్వాత కొద్దిరోజులు నీడన ఆరబెట్టి, కోసిన చోట పెచ్చు కట్టాకే ఇసుకలో గుచ్చుతాం. పచ్చి కోతనే నాటితే అడుగునుంచి కుళ్ళుతుంది.

మనం పువ్వనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పూలు వాటి నడుమ చిన్నగా ఉంటాయి. రంగు వారాల తరబడి నిలిచేది అందుకే. థాయిలాండ్ వాళ్ళు అభివృద్ధి చేసిన పెద్దపూల రకాలంటే మా దగ్గర గిరాకీ ఎక్కువ. ఈస్టరుకు ముందరి శ్రమకాలంలో, క్రీస్తు ముళ్ళకిరీటానికి గుర్తుగా, చర్చిల వాళ్ళూ వచ్చి తీసుకెళ్తారు. ఇంటిముందు ముళ్ళమొక్క ఉండకూడదని వెనకాడే వాళ్ళకు నేను థాయిలాండ్ సంగతే చెప్తాను. అక్కడ అదృష్టం కోసమే దీన్ని పెంచుతారు.

పిండినల్లి పడితే సబ్బునీళ్ళతో తుడిచి, సాయంత్రం పూట వేపనూనె కొట్టండి. మిరపకు కొట్టగా మిగిలిన మందు తెచ్చి ఇంట్లో కుండీలకు కొట్టే అలవాటు మా ప్రాంతంలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

కొమ్మ తెగితే కారే పాల విషయంలో ఇంకా జాగ్రత్త. ఒంటికి తగిలితే మంట, దద్దురు. కంట్లో పడితే నీళ్ళతో చాలాసేపు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతికి గ్లోవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. పిల్లలు ఆడుకునే వాకిట్లో మాత్రం ఈ మొక్క పెట్టకండి. మేడమీద, వాళ్ళ చెయ్యి అందని ఎండపొడలో పెట్టుకోండి.