మగవారి పత్రిక

మా యత్తవారిది బ్రహ్మంగారిమఠము. స్వామివారి మనుమరాలు ఈశ్వరమ్మవారిని జ్ఞానవతియని కొలుచు నూరు. అయినను మా యింట 'భారతి' మాసపత్రికను మగవారి పత్రిక యనియే వ్యవహరించెడివారు. మామగారు సంపుటములు కట్టించి బీరువాలో దాచిరి. వానిపై దుమ్ము దులుపుటవరకే మా పని. శాసనములును ఛందస్సును మనకేల యని నేనును ఊరకుంటిని.

మామగారు గతించిన పిదప, చెదలు పట్టునను భయమున వానిని ఎండలో పరచితిని. ఒక సంపుటము తెరచి నిలుచుండియే చదువసాగితిని. పొయ్యిమీద పాలు పొంగిపోయినవి.

ఇంటింట నెరిగిన అమృతాంజనముతో ధనమార్జించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మద్రాసున ఈ పత్రికను స్థాపించిరి. 1938లో వారు స్వర్గస్థులైనను పత్రిక ఆగక 1991 వరకు నడచెను. అన్నియేండ్లు దానిని నిలిపిన దేమో ఆనాడు నాకు తెలిసెను. పద్యము, కథ, విమర్శ, రంగుల చిత్రము అన్నియు నొకే విస్తరిలో వడ్డించినారు. చదువువారిని చిన్నచేసి వ్రాయలేదు. శాసనములనుగూర్చిన యొక వ్యాసము చదువుచుండగా మన జిల్లాలోని కలమళ్ళ గుడి యావరణమున దొరికిన రేనాటి చోళుల శాసనము తలపునకు వచ్చెను. ఆరవ శతాబ్దమునాటి ఆ రాతిమాట నేను నిత్యము పలుకు మాటకే మూలమని తోచి యొడలు పులకించెను.

పుటలు త్రిప్పగా కథల యంచున పసుపు వ్రేలిముద్రలు కనబడినవి. ఒకటి కాదు, సంపుటము పొడుగున నున్నవి. అత్తగారికి చూపితిని.

"నావేలే," అనిరి. "మీ మామ మద్దేనం పండుకున్నాక చదివేదాన్ని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

నా నోట మాట రాలేదు. ఇరువదియేండ్లు ఒక్క కప్పుక్రింద మెలగితిమి. ఉప్పుపప్పుల ముచ్చటలే కాని వేరు మాట మా నడుమ లేదు. ఇద్దరు చదువరులము ఒకరినొకరు ఎరుగకయే యుంటిమి. ఇప్పుడామెకు చూపానదు.

"నువ్వు చదువు, నేను వింటా," అనిరి.

నాటినుండి మధ్యాహ్నము లన్నియు మావే. తెలియని పదము వచ్చిన నేను తడుముకొందును. ఆమె అర్థము చెప్పును.

సోదరీమణులారా, మీ యత్తగారు ఏమి చదివిరో ఎన్నడైన నడిగితిరా? ఆలస్యము చేయక అడుగుడు.