కోటబొమ్మాళి వీథులలో పాత కుట్టుమిషనులు

హౌరా–చెన్నై రైలుమార్గమున శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటి ఉత్తరముగా పోవువారికి తిలారు, హరిశ్చంద్రపురముల పిమ్మట కోటబొమ్మాళి వచ్చును. ఊరు పెద్దది కాదు. వంశధార నీటితో పండు వరిచేలును, తూర్పుగాలితో వచ్చు సముద్రపు తేమయు ఇచ్చటి ప్రకృతి. కొత్తమ్మ తల్లి జాతర సమీపించిన దినములలో ఈ వీథులవెంట నడచినచో అరుగులమీదనుండి కుట్టుమిషనుల చప్పుడు వినవచ్చును. పిల్లల గౌనులు, పెద్దల రవికెలు అప్పటికి సిద్ధము కావలెను గదా! ఆ చప్పుడులో కొంత మన అమ్మమ్మల నాటి మిషనులది.

ఈ యంత్రముల పుట్టుక మన యూరికి బహుదూరము. మొనకడనే కన్నుగల సూదియు, క్రిందనుండి రెండవ దారము నందించు షటిలును గల యంత్రమునకు అమెరికా దేశస్థుడగు ఎలియాస్ హౌ 1846లో పేటెంటు పొందెను. 1851లో ఐజాక్ సింగర్ తాను మెరుగుపరచిన యంత్రమునకు పేటెంటు గొనెను. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకున నుండిన సింగర్ కర్మాగారము 1980లో మూతపడినది. అయినను అక్కడ తయారైన మిషనులు నేటికిని కుట్టుచున్నవి. మన దేశమున కలకత్తాలో 1930 దశకమున ఉషా మిషనుల తయారీ మొదలైనది. యంత్రముల నంతగా మెచ్చని గాంధీ మహాత్ముడు సైతము 1924లో, యంత్రములనుగూర్చి ప్రశ్నింపబడినప్పుడు, సింగర్ మిషనును మినహాయించెను. పొందూరు ఖద్దరు పుట్టిన జిల్లావారమగు మనకు ఈ సంగతి ప్రత్యేకముగా రుచించును.

మేము చూచిన యిండ్లలో పలువురు దసరాకు మిషనుకు పసుపు కుంకుమలు పెట్టి, పువ్వునుంచి, హారతి యిత్తురు. తక్కిన సంవత్సరమంతయు ఒక్క నూనెబొట్టైనను వేయరు. కొందరు వేసినను కొబ్బరినూనె వేయుదురు; అది మరింత కీడు.

మా వీథిలో భర్తను కోల్పోయిన ఒక యిల్లాలు రవికెలు కుట్టి యిద్దరు పిల్లలను చదివించుకొనుచున్నది. గత సంవత్సరము జాతరకు నెలదినముల ముందు ఆమె అత్తగారి నాటి సింగర్ బిగుసుకొని చక్రము కదలలేదు. పాత యినుము కొనువాడు బరువునుబట్టి వెలకట్టెను. కాలితొక్కుడు చట్రమును బల్లగా మార్చి అమ్ముకొనవలెనని అతని యాశ. “వదినా, ఇది మరి పని సెయ్యదట, అమ్మీమంతన్నారు” అని ఆమె మాతో చెప్పునప్పుడు కండ్లలో నీరు నిండినది. మేము పలక విప్పి చూడగా విరిగిన దేదియు లేదు. ఏండ్లతరబడి వేసిన కొబ్బరినూనె ఎండి జిగురై, అందు నూలుదుమ్ము చేరి గట్టిపడినది. అంతియే. మూడవనాటికి చక్రము తిరిగినది. జాతరకు ఒప్పుకొన్న రవికెలన్నియు ఆమె ఆ మిషనుమీదనే కుట్టియిచ్చినది.

ఈ పని యే యిల్లాలైనను చేసికొనవచ్చును. మొదట సూది, పాదము, పలక, బాబిను కేసు తీసి, విప్పిన వరుసలోనే ఒక గుడ్డపై పేర్చవలెను. పాత బ్రష్షుతో పండ్ల నడిమి దూదిని తొలగింపవలెను. కదలెడు చోటులందు కిరసనాయిలు చుక్కలు వేసి, పొయ్యికి దూరముగా ఒక రాత్రి యుంచి, మరునాడు చక్రమును మెల్లగా త్రిప్పి చూడవలెను, బలము పనికిరాదు. కదలనిచో మరల చుక్కలు వేసి వేచియుండవలెను. కిరసనాయిలు మురికిని కరగించునే గాని కందెన కాదు. కావున దానిని తుడిచివేసి, అసలు మిషను నూనె ప్రతి రంధ్రమున రెండేసి చుక్కలు వేయవలెను. నల్లని మేనిపైనున్న బంగారు పువ్వులకు కిరసనాయిలు తగులనీయరాదు; అవి చెరిగిపోవును. చివరకు పాతగుడ్డపై కొంతసేపు కుట్టినచో మిగులు నూనె పోవును.

కుట్టు చెడినప్పుడు మొదట సూది మార్చవలెను. సూదికి ఒకవైపు పొడుగు గాడి యుండును; దారము ఆ వైపునుండియే ఎక్కవలెను. గుడ్డ క్రిందివైపున దారము ఉచ్చులుగా పడినచో అందరును బాబినును నిందింతురు గాని, తప్పు తరచుగా పైదారమునది. బిగువు బిళ్లల నడుమ నూలుముక్క చిక్కినను, దారము వానినడుమ సరిగా కూర్చుండకున్నను అట్లగును. తోలుపట్టీ వదులైనచో కొంచెము కోసి మరల కొక్కెము వేసిన చాలును.

షటిలు మొన అరిగినను, సూదికిని షటిలుకును పొందిక తప్పినను అనుభవముగల మెకానిక్కునకు చూపవలెను. ఉషావంటి గుండ్రని షటిలు మిషనులకు భాగములు సులభముగా దొరకును. పడవవంటి షటిలుగల పాత సింగర్లకు దొరకుట కష్టము. కావున వాని షటిలును, పొడుగుపాటి బాబినులను పోగొట్టక భద్రపరుపవలెను.

ఇంట మూలనున్న మిషనును ఇనుము కొనువానికి చూపుటకు ముందు, ఒక పూట దానికై వెచ్చింపుడని సోదరీమణులను కోరుచున్నాము. అది మరల తిరిగినచో, ఎవరినీ చేయిచాచి యడుగనక్కరలేని నాలుగు రూపాయలు ఆ యింటి స్త్రీ చేతిలో నిలుచును.