కొండ మీద నేర్చుకున్న ధైర్యం

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు వినగానే నాకు ముందుగా ఆయన చెవులు గుర్తుకొస్తాయి. కొండల్లోని సవర గిరిజనుల గూడేలకు తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. అప్పట్లో దానికి మందు క్వినైన్. జ్వరం తగ్గింది గానీ చెవుడు వచ్చింది, ఇక పోలేదు. నోటిమాటే భాషకు ప్రాణమని నమ్మిన మనిషికి ఆ నోటిమాటే సరిగ్గా వినపడకుండా పోయింది. అయినా కొండల పని మానలేదు.

ఆత్మవిశ్వాసం గురించి ఈ రోజుల్లో పిల్లలకు చాలా చెబుతున్నాం. నువ్వు గెలవగలవు, ర్యాంకు తెచ్చుకోగలవు, సీటు నీదే. ఆ మాటలూ కావలసినవే. కానీ వాటిలో ఎక్కడా రెండో మనిషి ఉండడు. పంతులు గారి జీవితం చదివినప్పుడల్లా ఆ లోటు నన్ను బాధిస్తుంది.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే ఎఫ్.ఏ., బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి మీది శాసనాలు చదవాలనిపించింది. నేర్పేవారు లేకపోతే పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు తానే పట్టుకున్నారు. ఇలాంటి ఆశయం మనకు సులువుగానే అర్థమవుతుంది. చదివితే పేరొస్తుంది, నలుగురూ పిలిచి గౌరవిస్తారు.

సవర భాష సంగతి వేరు. ఆనాటికి ఆ భాషకు లిపి లేదు, వాచకం లేదు, నేర్పే బడి లేదు. అది వచ్చినంత మాత్రాన జీతంలో అణా పెరగదు. కొండ దిగి వచ్చే సవరలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలనుకున్నారు, అంతే. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, నాకొద్దు, దానితో సవరలకు బడి పెట్టండి అన్నారు. ఒక బడిపంతులు అన్న మాట ఇది. డబ్బు ఎక్కువై అన్నది కాదు.

బడి పుస్తకాల్లో వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. హేమాహేమీలైన పండితులు ఎదురు నిలిచినా తొణకలేదు. ఆ నిబ్బరం ఎక్కడిదని ఆలోచిస్తే నాకు మళ్లీ కొండలే కనిపిస్తాయి. ఒక్క పుస్తకమైనా లేని భాషకు ఎంత పటిష్ఠమైన నియమాలు ఉంటాయో అక్కడ చెవులారా విని, రాసుకుని వచ్చిన మనిషి ఆయన. కింద లక్షలాది తెలుగువాళ్లు ఇంట్లో మాట్లాడే మాటను గ్రామ్యమని తోసేస్తుంటే ఎలా ఊరుకుంటారు? పిల్లవాడికి అర్థంకాని పుస్తకం వాడికి జరిగే అన్యాయమని ఆయనకు తోచింది. తన పాండిత్యం నెగ్గాలన్నదే పంతమైతే ఏ సన్మానంతోనో చల్లారేది. పిల్లలకు జరిగే అన్యాయం సన్మానంతో తీరదు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి మరీ వాదించడం అందుకే.

తనమీద తనకు నమ్మకం ఎదుటివాడి అవసరంలోంచి పుడితే అది అంత తొందరగా అరగదని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయిన 1938 నాటికి పంతులు గారికి 75 ఏళ్లు. అప్పటికే పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయింది. ఆ ఊరు వదిలి ఆయన రాజమండ్రి చేరారు. నిఘంటువు అచ్చయిన రెండేళ్లకు పోయారు.

ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరిపే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. పటానికి దండవేసి వాడుకభాష గురించి చెప్పాక, సవరల గురించి కూడా పిల్లలకు చెప్పండి. సీతంపేట కొండల్లో ఇంట్లో సవర మాట్లాడుతూ తెలుగు బడికి వచ్చే పిల్లలు ఈనాటికీ ఉన్నారు.